అదనుకు అందే రూపాయి

ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం ఏర్పాటు చేసిన స్మారకోపన్యాసం పాఠం



ఈ కళాశాలలో మనకు పాఠాలు చెప్పిన మాస్టారి పేరు మీద ఏదైనా మాట్లాడమంటే ఆయన బోధించిన అర్థశాస్త్రం గురించి మాట్లాడటం మర్యాద. నేను ఆయన దగ్గర చదువుకున్నాను. తర్వాత ఇదే కళాశాల స్టాఫ్‌రూములో ఆయన పక్క కుర్చీలో కూర్చుని పాఠాలు చెప్పాను. అందుకని ఆయన క్లాసులో చెప్పినదాని కన్నా క్లాసు బయట చేసిన పని నాకు బాగా తెలుసు. దాన్ని దృష్టిలో పెట్టుకునే ఈ విషయం ఎంచుకున్నాను. చదువు మధ్యలో అనుకోని ఆపద వచ్చిపడిన విద్యార్థికి డబ్బు సాయం ఎప్పుడు అందాలి, ఎవరి చేతి మీదుగా అందాలి, ఎలా అందాలి?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పేద విద్యార్థి కోసం మనకు పథకాలున్నాయి. ఆపదలో పడ్డ విద్యార్థి కోసం ఏమీ లేదు. ఏడాది ఫీజు కట్టలేక చదువు మానేసేవాళ్లు మన కంటికి కనిపిస్తారు. రెండు వేలో, అయిదు వేలో ఆ వారంలో దొరక్క మానేసేవాళ్లు కనిపించరు. వాళ్లను చదువులో నిలపగలిగేది పెద్ద మొత్తం కాదు, వేళకు అందే చిన్న మొత్తం.

ఇది కొత్త సంగతి కాదు. టంగుటూరి ప్రకాశం గారి బాల్యం మీకు తెలిసిందే. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. మిషన్ పాఠశాలలో ప్రీ-మెట్రిక్‌లో చేరడానికి మూడు రూపాయల ఫీజు కావలసివచ్చింది. బావగారు ఇస్తారేమోనన్న ఆశతో ఆ పిల్లవాడు పాతిక మైళ్లు నడిచి వెళ్లాడు. దొరకలేదు. చివరికి తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు కట్టింది. ఆ తర్వాత ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ఆయన్ని చేరదీసి రాజమండ్రి తీసుకువెళ్లారు. న్యాయవాది, ఆంధ్రకేసరి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి, ఇదంతా ఆ చీర తర్వాతి చరిత్ర. తాకట్టుకు పట్టుచీర కూడా లేని ఇళ్లు అదే ఒంగోలులో ఎన్ని ఉండి ఉంటాయి? ఆ ఇళ్ల పిల్లల పేర్లు చరిత్రకెక్కలేదు.

డాక్టర్ అంబేడ్కర్ చదువు కూడా మధ్యలో ఆగింది. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరిన ఆయన, బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో 1917లో వెనక్కి రావలసివచ్చింది. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్నది కొంత, కొల్హాపూర్ సాహు మహారాజు సాయం కొంత, ఒక పార్శీ మిత్రుడు ఇచ్చిన అప్పు కొంత కలిస్తే 1920లో మళ్లీ వెళ్లగలిగారు. అంతటి మేధావికి కూడా మూడేళ్లు పోయాయి. చదువులో ఆయన ఎక్కడా వెనకబడలేదు. డబ్బు అందాల్సిన రోజు అందలేదు, అంతే.

మన సమాజం ఈ బాధను పట్టించుకోలేదని నేను అనను. వెనకటి తరాల్లో ఎందరో వారాలు చేసుకుని చదివారు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం. ఆ ఇల్లాళ్లు పెట్టిన అన్నం తిని పండితులైనవాళ్లు, ప్లీడర్లైనవాళ్లు మన జిల్లాల్లో కొల్లలు. అయితే ఆ అన్నానికి కులం గడప అడ్డుండేది. ఆడపిల్లకు ఆ దారే లేదు. తర్వాత వసతిగృహాలు వచ్చాయి. 1918లో హైదరాబాదులో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి పూనికతో రెడ్డి హాస్టల్ వెలసింది. సురవరం ప్రతాపరెడ్డి గారు దాని బాధ్యతలు చూశారు. ఆ బాటలో ఇతర కులాల వసతిగృహాలూ వచ్చాయి, స్వాతంత్ర్యం తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు వచ్చాయి. కూడు, గూడు ఒక మేరకు సమకూరాయి.

2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను వెనకబడిన తరగతులకు, ఇతర పేద కుటుంబాలకు విస్తరించింది. కూలి చేసుకునే ఇంటి నుంచి ఇంజనీరు రావడం ఊరూరా కనిపించే సంగతి అయింది. ఆ మేలును తక్కువచేసే మాట నా నోట రాదు. కానీ అది ఎలా నడుస్తుందో చూడండి. మీసేవలో దరఖాస్తు, తహశీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, ఈపాస్‌లో నమోదు, హాజరు లెక్క, బయోమెట్రిక్, కళాశాల నుంచి పరిశీలన, ఖజానా నుంచి విడుదల. ఇన్ని మెట్లెక్కి డబ్బు వచ్చేసరికి ఏడాదో రెండేళ్లో గడుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో అది ఒకప్పుడు నేరుగా కాలేజీకి వెళ్లేది, కొన్నాళ్లు తల్లి ఖాతాకు వెళ్లింది, మళ్లీ కాలేజీకి మళ్లింది. దారి మారింది గానీ ఆలస్యం మారలేదు. తెలంగాణలో బకాయిలు చెల్లించాలంటూ ప్రైవేటు కళాశాలలు 2025 నవంబరులో మూతపడ్డాయి. బకాయి పడ్డది ప్రభుత్వం. హాల్‌టికెట్టు కోసం, టీసీ కోసం ఆఫీసు కిటికీ దగ్గర నిలబడేది విద్యార్థి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాలలు తమ దగ్గర పెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా ‘నో డ్యూస్’ లేకుండా కాగితం చేతికిచ్చే కాలేజీలు ఇప్పటికీ తక్కువే.

ఒకవేళ రీయింబర్స్‌మెంట్ రేపటి నుంచి వేళకు వచ్చినా, నేను చెబుతున్న ఆపద తీరదు. పోయిన ఏడాది ఆదాయాన్ని బట్టి, రాబోయే ఏడాది ఫీజును బట్టి లెక్క కట్టే పథకానికి ఈ మంగళవారం నాన్న పరంజా మీద నుంచి పడ్డాడన్న సంగతి తెలియదు. నాట్లప్పుడు వదలాల్సిన నీళ్లు కోతలప్పుడు వదిలితే కాలువ తవ్వినందుకు ఫలమేమిటి? ఆ నీళ్లు ఎన్ని క్యూసెక్కులైనా ఆ పంటకు పనికిరావు.

మాస్టారు చేసిన పని ఇక్కడే ఉంది.

ఆయన హాజరు పట్టీని మార్కుల జాబితాలా చదివేవారు కాదు. ఏ పిల్ల ఏ రోజు రాలేదో చూసేవారు. నెల మొదట్లో నాలుగైదు రోజులు కనిపించకుండా, ఆ తర్వాత మామూలుగా వచ్చే పిల్లలు ఉండేవాళ్లు. వాళ్లంతా బస్సులో వచ్చేవాళ్లని, పాత పాసు గడువు అయిపోయి కొత్త పాసుకు డబ్బు దొరికేదాకా ఇంట్లో ఉండిపోతున్నారని ఆయన పట్టుకున్నారు. అంతవరకూ మేమంతా వాళ్లను బద్ధకస్తుల కింద జమ కట్టాం. ఆయన ఎవర్నీ నిలబెట్టి అడగలేదు. బస్టాండులో పాసుల కౌంటరు దగ్గరికి మా అటెండరును పంపి, ఆ పిల్లల పాసులు కట్టించడం మొదలుపెట్టారు. అంతే, నెల మొదటి వారపు ఖాళీలు పట్టీలోంచి పోయాయి. ఇప్పుడు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడపిల్లలకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు. అడ్డంకి ఎంత చిన్నదైనా, దాన్ని తీసేస్తే పిల్లలు కాలేజీకి వస్తారని మాస్టారు అంతకుముందే చూపించారు.

ఇంకొకటి. పరీక్ష ఫీజుకు ఆఖరి రోజు. అపరాధ రుసుముతో కట్టే గడువు కూడా ఆ సాయంత్రానికి అయిపోతుంది. తాపీమేస్త్రి కొడుకు ఒకడు సైకిల్ స్టాండు దగ్గర తచ్చాడుతున్నాడు. తండ్రికి కాలు విరిగింది, దాచుకున్నదంతా కట్టు వేసిన ఆసుపత్రికే పోయింది. మాస్టారు వాణ్ణి స్టాఫ్‌రూముకు పిలవలేదు. “ఒరే, నీ రికార్డు ఒకసారి ఇటివ్వరా, చూడాలి” అన్నారు. రికార్డు తీసుకుని ఆఫీసులోకి వెళ్లారు. కాసేపటికి తెచ్చి వాడి చేతిలో పెట్టారు. “సంతకం పెట్టాను, ఇంటికెళ్లి చూసుకో” అన్నారు. పేజీల మధ్య ఫీజు రసీదు ఉంది. ఆ పిల్లవాడు అడగలేదు, చెయ్యి చాపలేదు. తోటివాళ్లలో ఎవరికీ తెలియలేదు. మాస్టారు మనకిచ్చిన పద్ధతి మొత్తం ఆ రికార్డు పేజీల మధ్య ఉందని నా నమ్మకం. ఆపదను ముందుగా కనిపెట్టడం, ఆ రోజే తీర్చడం, మాట పడనివ్వకపోవడం.

మాస్టారు లాంటివాళ్లు దగ్గర లేనిచోట ఏం జరుగుతుందో ఒక కేసు చెబుతుంది. 2024లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దినకూలీ కొడుకుకు ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. సీటు నిలుపుకోవాలంటే జూన్ 24 సాయంత్రం అయిదింటిలోగా 17,500 రూపాయలు కట్టాలి. కుటుంబం ఊళ్లో అక్కడా ఇక్కడా పోగుచేసుకుని ఆ సాయంత్రమే డబ్బు సమకూర్చుకుంది. అయినా చెల్లింపు పూర్తయ్యేలోపు వెబ్‌సైటు మూసుకుపోయింది. ఆ పిల్లవాడు కమిషన్ల చుట్టూ, హైకోర్టుల చుట్టూ తిరిగి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. సెప్టెంబరు 30న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం రాజ్యాంగం 142వ అధికరణ కింద తన విశేషాధికారాన్ని వాడి అతనికి సీటు ఇప్పించింది. న్యాయం జరిగింది. కానీ 17,500 రూపాయలు మధ్యాహ్నమే చేతిలో ఉంటే దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాకా పోవలసిన పనే లేదు. సుప్రీంకోర్టు మెట్లెక్కలేని పిల్లలు ఏటా ఎందరు సీటు వదులుకుంటున్నారో ఎవరూ లెక్కపెట్టరు.

ప్రకృతి తెచ్చే ఆపదలూ ఉన్నాయి. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అదే రోజు మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకు 10,000 ప్రకటించింది. అది ఇంటికి ఇచ్చిన సాయం. మంచాలు, బియ్యం, గ్యాసు స్టవ్వు ముందు. ఆ ఇంట్లో చదువుకునే అమ్మాయి తడిసి ముద్దయిన సర్టిఫికెట్లకు నకళ్లు తెచ్చుకోవడం, ల్యాప్‌టాప్ బాగుచేయించుకోవడం ఆ లెక్కలో చివరి వరసకు పోతాయి. ఆ చివరి వరసను చూసుకోవలసింది కళాశాల.

సాయం దొరకని చోటుకు అప్పు తనంతట తాను వస్తుంది. ఇదివరకు అది వడ్డీ వ్యాపారి రూపంలో వచ్చేది. ఇప్పుడు ఫోనులోకే వస్తోంది. ఆధార్ ఫొటో పెడితే చాలు, నిమిషాల్లో అయిదు వేలు. వారం తిరక్కుండా వడ్డీ, జరిమానా, ఆపైన ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ అవమానకరమైన సందేశాలు. 2020 చివర్లో తెలుగు రాష్ట్రాల్లో ఈ వేధింపులు తాళలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు మనం చదివాం. రిజర్వు బ్యాంకు 2022లో డిజిటల్ అప్పుల మీద నిబంధనలు తెచ్చింది. నిబంధనలు మంచివే. కానీ ఆ అయిదు వేలు వేళకు కాలేజీలోనే దొరికితే పిల్లలు ఆ యాప్ తెరవాల్సిన అవసరమే ఉండదు.

ఇది వేరే దేశాల్లోనూ ఆలోచించి చేసిన పని. అమెరికాలోని అట్లాంటాలో ఉన్న జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో మన తెలుగు పిల్లలూ చదువుతున్నారు. కొద్దిపాటి ఫీజు బాకీకి విద్యార్థుల పేర్లు జాబితా నుంచి తొలగిస్తున్నామని, అలా పోయినవాళ్లలో చాలామంది తిరిగి రావడం లేదని ఆ విశ్వవిద్యాలయం గమనించింది. 2011లో ఒక పద్ధతి పెట్టింది. బాగా చదువుతూ చిన్న బాకీ దగ్గర ఆగిపోయిన వాళ్లను తన రికార్డుల్లోంచే వెతికి, 2,500 డాలర్ల వరకు వాళ్ల ఖాతాలో తానే జమచేస్తుంది. విద్యార్థి దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. మా మాస్టారు హాజరు పట్టీతో చేసిన పని అక్కడ కంప్యూటర్లతో చేశారు, అంతే తేడా.

కోవిడ్ వచ్చినప్పుడు 2020 మార్చిలో అమెరికా చేసిన కేర్స్ చట్టం 600 కోట్ల డాలర్లకు పైగా సొమ్మును విద్యార్థుల అత్యవసర సాయానికే కేటాయించింది. అయితే అప్పటి విద్యాశాఖ నిబంధనల వల్ల విదేశీ విద్యార్థులకు అది దక్కలేదు. క్యాంపస్ ఉద్యోగాలు పోయి, విమానాలు లేక, అద్దె కట్టలేక ఇరుక్కుపోయిన తెలుగు పిల్లలకు స్వదేశం నుంచి తల్లిదండ్రులు, అక్కడి తెలుగు సంఘాలే దిక్కయ్యారు. 2021 మేలో ఆ నిబంధన సడలించారు. ఈ అనుభవం మనకొక పాఠం. ఆపదకు పౌరసత్వం, కులం, కేటగిరీ ఉండవు. ఆపద నిధికి కూడా ఉండకూడదు. ఆదాయ పరిమితికి వెయ్యి రూపాయలు ఎక్కువైన ఇంట్లోనూ తండ్రి చనిపోతాడు.

ఇక మన కళాశాలలో ఏం చేయవచ్చో చెబుతాను. ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలల్లో విద్యార్థి సహాయ నిధులున్నాయి. మనకూ అలాంటిదే ఉండాలి. కానీ దాని నియమాలు ఆపదకు తగినట్టు ఉండాలి.

మొదటిది, రెండు రోజుల్లో నిర్ణయం. పదివేల లోపు సాయానికి ప్రిన్సిపాల్, ఇద్దరు అధ్యాపకులు చాలు. వాళ్లలో ఒకరు మహిళ అయి తీరాలి. నెలకొకసారి సమావేశమయ్యే కమిటీ ఈ పనికి పనికిరాదు.

రెండోది, ఆదాయ ధ్రువపత్రం అడగకూడదు. ఆ పిల్లకు పాఠం చెప్పే అధ్యాపకుడి మాట, ఒక ఫోను కాలు, వీలైతే ఆసుపత్రి కాగితం చాలు.

మూడోది, ఇది అప్పు కాకూడదు. తిరిగివ్వాలన్న షరతు పెడితే అవసరమున్నవాళ్లే వెనక్కి తగ్గుతారు. ఉద్యోగం వచ్చాక ఇష్టంతో నిధికి ఇచ్చేవాళ్లు ఎలాగూ ఇస్తారు.

నాలుగోది, వేదిక మీద చెక్కు ఇచ్చి ఫొటో తీయించే పని అసలు ఉండకూడదు. దాత పేరు బయటకు చెప్పినా ఫరవాలేదు. తీసుకున్నవాళ్ల పేరు ముగ్గురు తప్ప నాలుగోవాళ్లకు తెలియకూడదు. ఏడాది చివర ఎందరికి, ఏ కారణాలకు, ఎంత ఇచ్చారో లెక్క చెప్పాలి, పేర్లు లేకుండా.

అయిదోది, సాయం అడిగేదాకా ఆగకుండా వెతకాలి. హాజరు పడిపోయినవాళ్లు, పరీక్ష ఫీజు కట్టనివాళ్లు, హాస్టల్ మెస్‌కు రాకుండా ఉన్నవాళ్లు, ఈ మూడు జాబితాలూ మన ఆఫీసులోనే ఉన్నాయి.

అబద్ధాలు చెప్పి తీసుకుంటారని ఒక అనుమానం ఉంది. కొందరు చెబుతారేమో. నూరు మందిలో ఇద్దరు మోసం చేస్తారన్న భయంతో తొంభై ఎనిమిది మందిని కాగితాల కోసం తిప్పడం అంతకన్నా పెద్ద తప్పు. పైగా మూడేళ్లు కళ్లెదుట పెరిగే పిల్లల సంగతి మనకు తెలియకుండా ఉండదు. ఇదంతా ప్రభుత్వం పని కదా అని ఇంకొక మాట. అవును, ప్రతి ప్రభుత్వ కళాశాలకూ ఏటా ఇలాంటి నిధి ఇవ్వమని మనం అడగాలి, గట్టిగా అడగాలి. బకాయిలు తీర్చమనీ అడగాలి. అయితే ఆ జవాబు వచ్చేలోపు ఈ సెమిస్టరు పరీక్ష ఫీజు గడువు అయిపోతుంది. అడగడమూ, చేయడమూ రెండూ కలిసి సాగాలి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ కళాశాల నుంచి బయటకు వెళ్లినవాళ్లు వేలమంది. వెయ్యి మంది నెలకు వంద రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి 12 లక్షలు. సగటున 5,000 చొప్పున 240 మంది పిల్లలకు ఆపద తీరుతుంది. వంద రూపాయలు మనలో చాలామందికి భారం కాదు. ఏదో ఒక ఏడాది పెద్ద మొత్తం వసూలు చేసి బ్యాంకులో వేసి మరచిపోవడం కన్నా నెలనెలా వచ్చే చిన్న మొత్తమే ఈ పనికి మేలు. ఆపద కూడా నెలనెలా వస్తుంది కాబట్టి.

ఈ సభలో ఉన్న విద్యార్థులకు ఒక మాట. ఇంట్లో కష్టం వస్తే ముందుగా మానేయాలనిపించేది చదువే. దయచేసి మానేసే ముందు ఒక్క అధ్యాపకుడికైనా చెప్పండి. అడగడం తప్పు కాదు, అవమానం అంతకన్నా కాదు. ఈ కళాశాల మీది, ఇందులోని సాయం మీ హక్కు.

పూర్వ విద్యార్థులకు నా మనవి. మాస్టారి పేరు మీద విగ్రహం పెడదామని కొందరు అంటున్నారు. వాళ్ల అభిమానం నాకు అర్థమవుతుంది. కానీ ఆ డబ్బుతో ఆయన పేరు మీద ఆపద నిధి మొదలుపెట్టండి. వచ్చే పరీక్ష ఫీజు నోటిఫికేషన్ రాకముందే మొదలుపెట్టండి. ఈ హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఒక పుస్తకం ఉంది. వెళ్లేముందు అందులో మీ పేరు, నెలకు ఎంత ఇవ్వగలరో రాయండి. నా పేరు మొదటి పేజీలో ఇప్పటికే రాశాను.